పండిన ఊపిరి

4071వ రోజు, సోమవారం

గాలి కడిగే బొగ్గు పలకలు మళ్ళీ నిండిపోయాయి. నెల రోజులు ఆగవలసినవి పంతొమ్మిది రోజులకే చేతులెత్తేశాయి. మార్చాను. ప్రాణవాయువు సరిపడా ఉంది, తేమ ఉండవలసినంతే ఉంది. ఎసిటోన్ ఒక్కటే హద్దుకు నాలుగు రెట్లు. ఈ దస్త్రంలో ప్రతి అంకె పక్కనా 'కారణం' అని ఒక గడి ఉంటుంది. అందులో "జఠరాగ్ని సంఘం" అని రాసి కింద సంతకం పెట్టాను: వకుళ, గాలి-నీళ్ళ శాఖ.

కుజగ్రహం మీద, రాతి కింద, ఒకే సొరంగంలో మూడువందల నలభై మందిమి. పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళకి ఒక్కటే సుఖం, కుజదోషం అందరికీ సమానంగా ఉంది. మిగిలినవన్నీ ఉమ్మడి కష్టాలే. ఒకరు వదిలిన గాలినే కడిగి ఇంకొకరికి ఇస్తాను. ఒకరి ఒంట్లోంచి పోయిన నీళ్ళనే వడగట్టి, మరిగించి, మళ్ళీ అందరి బిందెల్లోకి పంపిస్తాను. కాబట్టి ఎవరేం తిన్నారో వాళ్ళు నాకు చెప్పక్కర్లేదు. గొట్టాలే చెబుతాయి.

సంఘం వాళ్ళు పిండి ముట్టరు. అన్నం, బంగాళాదుంప, మొక్కజొన్న, అన్నీ వాళ్ళ భాషలో 'బూడిద'. చేపకొవ్వు, నాచునూనె ముద్దలు 'సమిధలు'. పిండి అందని ఒళ్ళు కొవ్వు కరిగించుకుని బతుకుతుంది. అందులో అబద్ధమేమీ లేదు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో నేనూ చదువుకున్నాను. అలా కరిగేటప్పుడు ఊపిరిలో ఎసిటోన్ వస్తుంది. మగ్గిన పండు వాసన. ఆ వాసన వచ్చినవాళ్ళు 'పండారు' అని సంఘంలో అంటారు.

పండు తినడం పాపం, పండులా కంపుకొట్టడం పుణ్యం. అలాంటి పుణ్యాత్ములు అరవై ఒక్కమంది. నా పలకలు ఎంతకని ఆగుతాయి?

4075వ రోజు, శుక్రవారం

మంజీర నన్ను సంఘం సభకి లాక్కెళ్ళింది. మంజీర నా ఆడపడుచు, ఇరవై తొమ్మిదేళ్ళు, పుట్టగొడుగుల అరలకు నీళ్ళు చల్లే పని. వాళ్ళన్నయ్య గిరిధర్ మంచు గనిలో ఉంటాడు, రెండు నెలలకోసారి వస్తాడు. ఇరవై ఏడో నంబరు ఇంట్లో మిగిలిన రోజుల్లో మేమిద్దరమే.

"ఒక్క శుక్రవారం రా వదినా. నీ మొహానికి కాస్త జ్ఞానం అంటుకుంటుంది."

"నా మొహానికి సబ్బు చాలు."

"ఇవాళ ఊపిరి చూపించే వంతు నాది. నాకోసమైనా రా."

'నాకోసం' అన్నాక ఏం చేస్తాను? వెళ్ళాను.

సభ భోజనశాలలో. అది కూడా వాళ్ళ తమాషాయే, తినకపోవడం గురించి మాట్లాడుకోవడానికి తిండి పెట్టే చోటే కావాలి. కాఫీలో నాచువెన్న వేసుకుంటే ఉపవాసం చెడుతుందా లేదా అని ముప్పావుగంట తగవు. చెడదన్నవాళ్ళు ఒక బల్ల, చెడుతుందన్నవాళ్ళు ఇంకో బల్ల. రోజుకి ఒక్కపూట తినేవాడు రెండుపూటలా తినేవాడి వైపు, మా చిన్నప్పుడు తాగుబోతుల వైపు చూసినట్టు చూశాడు. పొద్దున్నే కృత్రిమ సూర్యుడి కింద నోరు తెరుచుకు నిలబడితే జఠరాగ్ని రాజుకుంటుందని ఒకాయన చెప్పాడు. ఆ దీపాలు మార్చేది నేనే. అవి పాలకూరకోసం పెట్టినవి.

అప్పుడు పినాకపాణి గారు లేచారు. అందరూ పాణి మాస్టారు అంటారు. రాళ్ళు తొలిచే యంత్రాలు నడిపిన ఇంజినీరు, పెద్దమనిషి. రాయి గురించి అడిగితే "పరీక్షించి చెప్పాలమ్మా" అంటాడు. ఒంటి గురించి మాత్రం ఆయనకి ఏ పరీక్షా అక్కర్లేదు.

"ఇన్సులిన్ అనేది కొవ్వుకొట్టుకి కాపలా కుక్క," అన్నాడు. "అది మేలుకుని ఉన్నంతకాలం కొట్టు తలుపు తెరుచుకోదు. నాకు ఇప్పటికి నాలుగు. నాలుగు కూడా ఎక్కువే. మన గమ్యం సున్నా."

"సున్నా!" అన్నారు అరవైమందీ.

తరవాత ఊపిరి చూడటం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు నోరు తెరిచి ఎదుటివాళ్ళ మొహమ్మీదికి ఊదుతారు, ఆ ఎదుటి మనిషి కళ్ళు మూసుకుని పండు పేరు చెప్పాలి. అరటి అంటే మొదటి మెట్టు. సపోటా, మామిడి, సీతాఫలం, చివరిది పనస. పదకొండేళ్ళుగా పండు మొహం చూడని మనుషులు కళ్ళు మూసుకుని ఒకరి నోట్లో ఒకరు తోటలు వెతుక్కుంటున్నారు. నవ్వు ఆపుకోవడానికి బుగ్గ కొరుక్కున్నాను.

మంజీరకి ఎదురుగా సౌభాగ్యమ్మ పిన్ని నిలబడింది. గోదావరి మనిషి, రేషను కొట్టు చూస్తుంది, సంఘంలో ముక్కుకి ఆవిడే పెద్ద.

"పనస!" అంది కళ్ళు మూసుకుని. "పనసేనండీ, ఆయ్! ఇప్పుడే తొన ఒలిచినట్టుందండీ!"

"ఈ సొరంగంలో ఇదే ప్రథమం," అన్నాడు మాస్టారు. అరవైమందీ చప్పట్లు కొట్టారు. గోడకున్న సంఘం పేర్ల పలకమీద అన్నిటికంటే పైన మంజీర పేరు రాశారు. పదకొండేళ్ళలో ఆమె పేరు ఎవరైనా అంత గట్టిగా పలకడం అదే మొదలు అనుకుంటాను. పుట్టగొడుగులు చప్పట్లు కొట్టవు కదా.

4078వ రోజు, సోమవారం

ఎసిటోన్ హద్దుకు ఆరు రెట్లు. ఇంటింటి అంకెలు తీశాను. ఇరవై ఏడు, అంటే మా ఇల్లే, మిగతా ఇళ్ళకు మూడింతలు. మా పడకగదికి రెండో పంకా బిగించాను. కారణం: జఠరాగ్ని సంఘం.

మంజీర జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. కుండ ఎత్తి గటగటా తాగుతుంటే అడిగాను.

"ఏమిటే, కిందటి జన్మలో చేపవా?"

"శుద్ధి దాహం వదినా. పాత విషమంతా కడుక్కుపోతోంది. నువ్వు చదివిన పుస్తకాల్లో ఉండదులే."

"ఉప్పునీళ్ళు తాగమన్నారు మీ మాస్టారు. ఉప్పు తాగితే దాహం వెయ్యక మానుతుందా?"

"చూశావా, నువ్వే చెప్పేశావు కారణం. ఇంక దిగులెందుకు?"

నిజమే, నేనే చెప్పేశాను. వాళ్ళ దగ్గర ప్రతి అవస్థకీ ఒక పుణ్యం పేరుంది. చిక్కిపోతే కరగడం. నీరసపడితే పాత ఇంధనం దిగడం. గంటకోసారి లేచి వెళ్ళడం శుద్ధి. ఇంత పెద్ద నిఘంటువు రాసుకున్నాక ఇక జబ్బు అన్న మాటకి చోటెక్కడుంటుంది?

4080వ రోజు, బుధవారం

ఇరవై ఏడో గొట్టం మూసుకుపోయిందని గంట మోగింది. విప్పి చూస్తే లోపల తెల్లటి పొర, కల్లుకుండ అంచున పట్టినట్టు పులిసిన నురుగు. ఈస్టు. దానికి తిండి ఎక్కడిదా అని చుక్క తీసి పరీక్షించాను. చక్కెర. కొద్దిగా కాదు.

మొదట నన్నే అనుమానించుకున్నాను. బంగాళాదుంపలు కడిగిన నీళ్ళు ఆ తూములో పోస్తుంటాను. ఆ ఇంట్లో పిండి తినేది నేనొక్కదాన్నే.

నిబంధన ప్రకారం గొట్టం మూసుకుపోతే నోటీసు పెట్టాలి. భోజనశాల గోడకి అంటించాను: "27వ గొట్టం: చక్కెర వల్ల పులిసిన పొర. తూములో తిండి వస్తువులు పోయకండి." అంటించేటప్పుడు మనసులో చిన్న సంతోషం కలగలేదని చెప్పను. సంఘం గోడమీద చక్కెర అన్న మాట!



4082వ రోజు, శుక్రవారం

ఈసారి నన్ను ఎవరూ లాక్కెళ్ళలేదు. నేనే పరిగెత్తాను, ఎందుకంటే మంజీరని బల్ల ముందు నిలబెట్టారని తెలిసింది.

మాస్టారి చేతిలో నా నోటీసు. "గొట్టం అబద్ధం చెప్పదు," అంటున్నాడు. "ఇరవై ఏడు నుంచి చక్కెర వచ్చింది. చక్కెర తినని ఒంట్లోంచి చక్కెర రాదు. ఇది తర్కం." నా నోటీసుని ఇలా కూడా చదువుకోవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

"నేను తినలేదు మాస్టారూ. మా అమ్మ మీద ఒట్టు."

సౌభాగ్యమ్మ పిన్ని ముక్కు మీద వేలేసుకుంది. "మొన్న అంతలా పనస వాసన కొట్టేసరికి నాకప్పుడే అనుమానం తగిలిందండీ. నిజంగానే ఏ పండో తిని ఉంటాదండీ!"

"ఈ గ్రహం మీద పండు ఎక్కడిది పిన్నీ?" అంది మంజీర.

"మేం అడిగేదీ అదే కదమ్మా!"

వెనకబల్ల నుంచి ఎవరో అన్నారు: "వదినగారు పెట్టుంటుంది. ఆవిడ బూడిద మనిషి."

నేను ముందుకెళ్ళాను. "ఆ గొట్టంలోకి నా నీళ్ళూ వెళతాయి. నేను కడిగిన దుంపల నీళ్ళు కూడా. తప్పు నాది," అన్నాను. అంటూండగానే సగంలో మాట తడబడింది. దుంపల నీళ్ళలో ఉండేది పిండి. నాకు పరీక్షలో వచ్చింది పిండి కాదు, చక్కెర. దుంప నుంచి అంత చక్కెర రాదు. ఈ సంగతి నాకు బుధవారమే తట్టి ఉండాలి. తట్టలేదు. నా తడబాటు చూసి అరవైమందీ వాళ్ళకి కావలసింది తెలుసుకున్నారు.

"చూశారా, ఆడపడుచుని కాపాడుకుంటోంది," అన్నాడు వెనకబల్ల మనిషి.

పలకమీద మంజీర పేరు తుడిచేశారు. తడిగుడ్డతో, మాస్టారి చేత్తోనే.

మంజీర ఏడవలేదు. పెదాలు పొడిబారి అట్ట కట్టినట్టున్నాయి. "ఇవాళ్టి నుంచి ఏడు రోజులు నీళ్ళు తప్ప ఏమీ ముట్టను," అంది. "అప్పుడు వచ్చి నా గొట్టం చూసుకోండి."

ఈ సభలో పరీక్ష అనదగ్గ మాట మొదటిసారి వినడం అదే. చేస్తానన్నది మాత్రం అందులో అందరికంటే తక్కువ చదువుకున్న పిల్ల.

4084వ రోజు, ఆదివారం

ఆ పరీక్ష నేనే చేశాను. శుక్రవారం సాయంత్రం నుంచి నేను మా ఇంటి తూము వాడలేదు. స్నానం, పాయిఖానా అన్నీ ఆఫీసులోనే. దుంపలు కూడా అక్కడే కడిగాను. ఇప్పుడు ఇరవై ఏడో గొట్టంలోకి వెళ్ళేవి మంజీర నీళ్ళు మాత్రమే. మంజీర రెండు రోజులుగా ఏమీ తినలేదు. తలుపు దగ్గర కూర్చుని మరీ చూశాను.

చక్కెర తగ్గలేదు. పెరిగింది.

నీళ్ళ మీటరు తీశాను. నెలకిందటితో పోలిస్తే మూడున్నర రెట్లు. ఎసిటోన్ ఎనిమిది రెట్లు. మూడు అంకెలనీ పక్కపక్కన రాసుకున్నాను. ఒక్కొక్కదానికీ విడిగా నా దగ్గర ఒక వెటకారం ఉంది. మూడింటికీ కలిపి లేదు.

అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. భూమ్మీద ఆవిడ కాలంలో ఇంటికొకరు ఉండేవారు: "మా ఆయనకి షుగరొచ్చింది." ఆ జబ్బు వంశంలో ఉన్నవాళ్ళని జల్లెడపట్టి పక్కన పెట్టి, మిగిలినవాళ్ళనే ఈ సొరంగానికి పంపారు. పదకొండేళ్ళలో ఒక్కరికీ రాలేదు. జబ్బు పోయి పేరొక్కటే మిగిలింది. ఆ పేరు వింటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? షుగరు తినేవాళ్ళకి వచ్చేది షుగరు. తిననివాళ్ళకి ఎలా వస్తుంది?

కానీ నేను డాక్టర్ని కాదు. అంకెలు చూసి ఆవేశపడటం సంఘం వాళ్ళ పని అని ఇన్నాళ్ళూ ఎద్దేవా చేసినదాన్ని, ఇప్పుడు నేను చేస్తున్నదేమిటి? పొద్దున్నే అడుగుదాం అనుకున్నాను.

మంజీర మధ్యాహ్నం నుంచి వాంతులు చేసుకుంటోంది. ఊపిరి లోతుగా, గబగబా, కొలిమితిత్తిలా తీస్తోంది. "విషం దిగుతోంది వదినా," అంది.

4085వ రోజు, సోమవారం

రాత్రే పిలవవలసింది. పొద్దున ఏడింటికి పిలిచాను.

సొరంగానికి ఉన్న ఒకే డాక్టరు నస్రీన్. కడప మనిషి. గదిలోకి అడుగుపెట్టీ పెట్టకముందే ముక్కు ఎగబీల్చింది.

"ఈ వాసన ఎన్నాళ్ళ నుంచి వకుళమ్మా?"

"పది... పద్నాలుగు రోజులు."

"పద్నాలుగు దినాలు! పక్కనే పండుకుంటాండావు, ముక్కు ల్యాదా నీకు?"

ఆవిడ మంచం మీద కూర్చుంది. "ఈ జబ్బు నేను పుస్తకంలో సూసిందే గానీ మనిషిలో సూసింది ల్యా. రక్తం తీసి సూడల్ల. మంజీరమ్మా, చెయ్యి ఇయ్యి తల్లీ."

మంజీర చెయ్యి దుప్పటి కిందికి లాక్కుంది. "వద్దు. డాక్టరు దగ్గరికి పోయిందంటే నిజంగానే తిని అరక్క పోయింది అంటారు."

"అంటే అననీలే. సచ్చిపోతావమ్మే!"

"పోనీ."

నస్రీన్ నన్ను బయటికి తీసుకొచ్చింది. "తెలివిలో ఉండే మనిషికి సంతకం ల్యాకుండా సూది గుచ్చకూడదు. మన సొరంగం రూలు. తెలివి తప్పినాక గుచ్చొచ్చు. అయితే అంతవరకూ ఆగితే మనిషి దక్కేది నమ్మకం ల్యా. ఇంగ రెండు మూడు గంటలు. నువ్వే ఏమన్నా చెప్పల్ల."

నేనేం చెప్పాలి? మంజీర సంఘంలో చేరిన ఈ ఐదు నెలలుగా నేను దాని గురించి అన్న ప్రతి మాటా ఆ పిల్లకి కంఠతా వచ్చు. ఇప్పుడు నా నోట్లోంచి ఏది వచ్చినా ఇంకో వెటకారంగానే వినిపిస్తుంది. లోపలికెళ్ళి నేలమీద కూర్చున్నాను.

"నువ్వు తినలేదు," అన్నాను. "నాకు తెలుసు. రెండు రోజులుగా ఆ గొట్టంలో నీ నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు, అయినా చక్కెర వచ్చింది. అంటే అది తిన్న చక్కెర కాదు. నీ ఒళ్ళే తయారుచేసి పారబోస్తోంది. రక్తం చూస్తే అది రుజువవుతుంది. నువ్వు దొంగవి కాదని చెప్పే కాగితం అదొక్కటే."

మంజీర కళ్ళు తెరిచింది. "కాగితం ఇస్తారా?" అంది.

"ఇస్తారు."

చెయ్యి బయటికి వచ్చింది.

చిన్న యంత్రం, పది నిమిషాల పని. నస్రీన్ చదివింది: "చక్కెర ఐదువందల పన్నెండు. రక్తమంతా పులుపెక్కింది. ఇన్సులిన్..." మళ్ళీ చూసింది. "ఇన్సులిన్ సున్నా."

మంచం మీద కదలిక. మంజీర తల ఎత్తడానికి ప్రయత్నిస్తోంది.

"సున్నానా? పూర్తిగా సున్నానా డాక్టరమ్మా?"

"పూర్తిగా."

ఆ పిల్ల నవ్వింది. పగిలిన పెదాలతో, కొలిమితిత్తి ఊపిరి మధ్యలో, పదో తరగతిలో జిల్లా ఫస్టు వచ్చినట్టు నవ్వింది. "మాస్టారికే నాలుగు," అంది నాతో.

నస్రీన్‌కి అర్థం కాలేదు. "ఒళ్ళు ఇన్సులిన్ చెయ్యడం మానేసింది తల్లీ. అది ల్యాకపోతే తిన్నది ఒంటికి పట్టదు. ఒళ్ళు తన్ను తానే తినేస్తాది. మనమే బయట్నుంచి ఎక్కించల్ల. సంతకం పెట్టు, ఇప్పుడే మొదలుపెడతా."

"ఎక్కిస్తే?"

"ఎక్కిస్తే బతుకుతావు."

"సున్నా పోతుందా?"

"పోతాది మరి."

"అయితే వద్దు." నా వైపు తిరిగింది. "ఆ సున్నా తీసేస్తారట వదినా."

నా నాలుక మీదికి పది మాటలొచ్చాయి. పదీ మంచివే, పదునైనవే. ఒక్కటీ అనలేదు. అని ఉంటే అక్కడే కళ్ళు మూసుకునేది.

"కాగితం మీద సున్నా పోదు," అన్నాను. "అది అలాగే ఉంటుంది. ఇంకో సంగతి చూసుకో. నువ్వు చచ్చిపోతే శుక్రవారం సభలో ఆ కాగితం చదవవలసింది నేనే. ఇంటి మనిషిని నేనొక్కదాన్నే కదా. నేను ఎలా చదువుతానో నీకు తెలుసు."

మంజీర నా మొహం కేసి చూసింది. నేను చదవడం ఆమెకి వినిపించింది అనుకుంటాను, నా గొంతులో, నా విరుపులతో సహా.

"నువ్వు చదవద్దు," అంది. "నేనే చదువుకుంటా. కలం ఇవ్వు."

4087వ రోజు, బుధవారం

ఉప్పునీళ్ళు, ఇన్సులిన్, పొటాషియం, రెండు రోజులుగా చుక్కచుక్కగా ఎక్కుతున్నాయి. ఊపిరి నెమ్మదించింది. ఇవాళ పొద్దున మంజీర పలచటి గంజి తాగింది. బూడిద అనలేదు. ఇంకో గిన్నె అడిగింది.

ఇక జీవితాంతం సూదులేనట. తిన్నప్పుడల్లా ఒకటి. ఇన్సులిన్ చేసే కణాలని ఒళ్ళే పొరపాటున శత్రువులనుకుని చంపేసిందట. వంశాలని జల్లెడ పట్టినా ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో వస్తూనే ఉంటుందట. "కొవ్వు తిన్నందుకు రాలేదు, చక్కెర తిన్నందుకూ రాలేదు," అంది నస్రీన్. సంఘమే తెచ్చిపెట్టింది అని నేను రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ సుఖం కూడా నాకు దక్కలేదు. వాళ్ళు జబ్బు తేలేదు, వచ్చిన జబ్బుకి చప్పట్లు కొట్టారంతే.

మధ్యాహ్నం పాణి మాస్టారు వచ్చాడు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయికి ఎలా ఉంది?"

"బతికింది."

"సంతోషం. ఆ కాగితం... సున్నా వచ్చిందట కదా. సంఘానికి ఇప్పిస్తే బాగుంటుంది. ఎన్నాళ్ళకి వచ్చింది, ఏ సమిధలు వాడింది, ఆ వివరాలు కూడా. మిగతావారికి ప్రోత్సాహకరంగా ఉంటుంది."

వెటకారానికి కూడా ఒక హద్దు ఉంటుందని, అది దాటితే మాట రాదని ఇవాళే తెలిసింది. నస్రీన్ అంది: "స్వామీ, శవాలకి కూడా సున్నానే వస్తాది. తీస్కపోయి గోడకి అంటించుకోండి." ఆయన పాపం, ఆలోచిస్తూ వెళ్ళాడు.

తరవాత ఈ దస్త్రం వెనక్కి తిప్పి, 4071 నుంచి 4080 వరకు, ఇరవై ఏడో ఇంటి వరసలో 'కారణం' గడిలో నేను రాసినవన్నీ కొట్టేశాను. వాళ్ళు జబ్బుని పుణ్యం అన్నారు. నేను పిచ్చి అన్నాను. ఇద్దరం ఒకే వాసన చూసి, ఎవరికి నచ్చిన పేరు వాళ్ళం పెట్టుకున్నాం. కొట్టేసిన చోట మళ్ళీ ఏం రాయాలో తెలియక 'మధుమేహం' అని రాశాను. అక్షరాలు కుదరలేదు, ఆ మాట రాసి ఎన్నేళ్ళయిందో.

4089వ రోజు, శుక్రవారం

మంజీర సభకి వెళతానంది. నడిస్తే గోడ పట్టుకోవలసి వస్తోంది.

"ఎందుకే? వాళ్ళ మొహాలమీద కాగితం కొట్టడానికా?"

"నా పేరు మీద దొంగ అన్న మాట ఉంది. అది తీయించాలి."

నేను లోలోపల పెద్ద నాటకమే ఊహించుకున్నాను. లేచి నిలబడి అందరినీ కడిగేస్తుందనీ, అరవైమందీ తలలు దించుకుంటారనీ. అలాంటిదేమీ జరగలేదు. మంజీర బల్ల ముందు నిలబడి మెల్లగా చదివింది: తినకపోయినా కాలేయం చక్కెర తయారుచేస్తుందనీ, ఇన్సులిన్ లేకపోతే అది నీళ్ళలో పోతుందనీ. ఎవరికీ పూర్తిగా ఎక్కలేదు. సున్నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం సభ అంతా 'ఆ' అంది.

"మరి తప్పు మాదేనండీ," అంది సౌభాగ్యమ్మ పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "పండు తిన్నావని అన్నాను చూడు, నా నోరు పడిపోను." ఆవిడ ఏడుపు నిజమే. అందులో నాకేం అనుమానం లేదు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "దొంగతనంగా తినలేదని సంఘం పుస్తకంలో రాస్తాం. ఆ కాగితం నకలు ఇవ్వు తల్లీ."

నేను లేచాను. మంజీర నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. "ముందు రాయండి," అంది. ఆయన రాశాడు. ఆమె మెడ వంచి ప్రతి అక్షరం చదువుకుంది, ఒక ఒత్తు తప్పితే దిద్దించింది. అప్పుడు నకలు ఇచ్చింది. ఇచ్చే ముందు సున్నా పక్కన కలంతో "దీనివల్ల చచ్చిపోబోయాను" అని రాసి సంతకం పెట్టింది.

మాస్టారు ఆ కాగితాన్ని గోడకి అంటించాడు. అంటించేటప్పుడు ఆ రాత ఉన్న అంచుని మడతపెట్టాడో లేదో నేను చూడలేదు, బయటికి వచ్చేశాం.

దారిలో నేను ఆపుకోలేకపోయాను. "ఇంకా వాళ్ళ పుస్తకమే కావలసొచ్చిందా నీకు? ఆ మనిషి నిన్ను చంపబోయాడు. వాళ్ళ చేత మంచిదాన్ననిపించుకోవడానికి వెళ్ళావు."

"అవును, వెళ్ళాను," అంది. "నా పేరు వాళ్ళే రాశారు, వాళ్ళే తుడిచారు. నువ్వు ఎక్కడా రాయలేదుగా, నీ దగ్గర అడగడానికి."

కొంత దూరం నడిచాం. ఆమె గోడ పట్టుకుని, నేను ఆమె అడుగుని బట్టి. మా ఇంటి మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది.

"పద్నాలుగు రోజులు వాళ్ళకి పనస అనిపించింది. బానే ఉంది, వాళ్ళు వెర్రివాళ్ళు. నువ్వు నా పక్క మంచం మీదే పడుకున్నావు వదినా, నీకూ వచ్చింది కదా ఆ వాసన. నువ్వేం అనుకున్నావు?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. సూది వేసుకుని అన్నం తినే వేళయిందని గోడ పట్టుకుని ముందుకి నడిచింది.